మందు కలిపారు సరే, రాసిపెట్టారా?

వినుకొండ, నరసరావుపేట ప్రాంతాల్లో పత్తి, మిరప వేసే రైతుల్లో చాలామందికి ఒక మంచి అలవాటు ఉంది. విత్తనం కొన్నప్పుడు దుకాణదారు ఇచ్చిన బిల్లునీ, ఖాళీ అయిన విత్తనం సంచినీ పంట చేతికొచ్చేదాకా పారెయ్యరు. బీరువాలోనో, దేవుడి పటం వెనకో భద్రంగా దాస్తారు. మొలక రాకపోయినా, చెట్టు ఏపుగా పెరిగి కాయ పట్టకపోయినా, విచారణకు వచ్చిన అధికారి మొదట అడిగేవి ఆ బిల్లూ, సంచి మీది లాట్ నంబరే. అవి లేకపోతే ఎంత మొత్తుకున్నా వినేవారుండరు.

అదే రైతు ఇంట్లో పసిబిడ్డకు జబ్బు చేసిందనుకోండి. ఎవరో తెల్లటి పొడి పొట్లాలు కట్టి ఇస్తారు. "పూటకొకటి తేనెలో రంగరించి నాకించండి" అంటారు. ఆ పొట్లాల మీద పేరుండదు, తేదీ ఉండదు. అందులో ఏముందో అడిగినవారూ ఉండరు, చెప్పినవారూ ఉండరు. పొలంలో చల్లే గింజకు తీసుకునే జాగ్రత్త, బిడ్డ నోట్లో వేసే మందుకు తీసుకోవడం లేదన్నమాట!

అంచేత ఈ వారం ఆ విషయమే ముచ్చటిద్దాం. రోగి కోసం ప్రత్యేకంగా కలిపి ఇచ్చే మందులు, వాటికి ఉండవలసిన రాతకోతలు. తాగే మందులు, పొడి పొట్లాలు, ఒంటికి రాసుకునే లేపనాలు, గొంతులో పూసే మందులు ఈ కోవలోకి వస్తాయి. ఇంజెక్షన్లు, కంటి చుక్కలు సూక్ష్మజీవులు బొత్తిగా లేకుండా తయారుకావాలి కనుక వాటి పద్ధతి వేరు. వాటి జోలికి ఇక్కడ పోవడం లేదు.

ఆనాటి కాంపౌండరు, ఈనాటి దుకాణం

యాభై దాటినవారికి ఆసుపత్రి కాంపౌండరు గది గుర్తుండే ఉంటుంది. పెద్ద పెద్ద గాజు జాడీల్లో రంగురంగుల మిక్స్చర్లు ఉండేవి. ఇంటి నుంచి సీసా పట్టుకెళితే అందులో మందు పోసి, కత్తిరించిన కాగితపు ముక్క అంటించి, "పూటకు ఒక గీత చొప్పున తాగు" అనేవారు. ఆ కాగితపు గీతలే మోతాదు. ఇప్పుడు మందులన్నీ కర్మాగారాల నుంచే వస్తున్నాయి గదా, ఇంక కలిపేదెవరు అని మీకు సందేహం రావచ్చు.

కలపడం తగ్గింది గాని, పోలేదు. చర్మవ్యాధుల వైద్యులు రెండు మూడు లేపనాలను ఫలానా పాళ్ళలో కలపమని రాస్తారు. గుండె జబ్బుతో పుట్టిన పసిపాపలకు, మూర్ఛ వచ్చే పిల్లలకు కావలసినంత తక్కువ మోతాదులో మాత్రలు దొరకవు. పెద్దల మాత్రను నూరి, పంచి ఇవ్వవలసి వస్తుంది. పొడిగా వచ్చే యాంటీబయాటిక్ సీసాలో నీళ్ళు పోసి కలపడం కూడా చిన్నపాటి తయారీయే. ఆ పని చాలా ఇళ్ళల్లో తల్లులే చేస్తారు. ఇవి గాక, ఏ అర్హతా లేనివారు నాలుగు రకాల మాత్రలు నూరి కట్టే పొట్లాల సంగతి ఉండనే ఉంది.

కర్మాగారం నుంచి వచ్చిన మందు పెట్టె మీద పేరు, బ్యాచ్ నంబరు, తయారైన తేదీ, గడువు అచ్చేసి ఉంటాయి. చేత్తో కలిపిన మందుకు అవేవీ ఉండవు. కలిపినవారు రాస్తేనే ఉంటాయి. రాయకపోతే, ఆ మందు పుట్టుపూర్వోత్తరాలు కలిపినవారి జ్ఞాపకంలో తప్ప మరెక్కడా ఉండవు. రోజుకు రెండు వందల మందిని చూసే మనిషి జ్ఞాపకం ఎంతసేపు నిలుస్తుందో మీరే ఆలోచించండి.

ఇరవై రెండు లీటర్ల మందు

రాతకోతలు ప్రాణాలు ఎలా కాపాడతాయో చెప్పడానికి వైద్యచరిత్రలో ఒక గొప్ప ఉదాహరణ ఉంది. 1937లో అమెరికాలో జరిగింది. సల్ఫనిలమైడ్ అనే మందు అప్పుడు కొత్తగా వచ్చింది. గొంతు నొప్పికీ, చీము పట్టే జబ్బులకూ బాగా పనిచేసేది. కాని మాత్రగానూ, పొడిగానూ మాత్రమే దొరికేది. పిల్లలు తాగే పానకంలా ఉంటే బాగా అమ్ముడుపోతుందని టెనెసీ రాష్ట్రంలోని మాసెంగిల్ కంపెనీ భావించింది. ఆ మందు నీళ్ళలో సరిగా కరగదు. కంపెనీ రసాయన నిపుణుడు దాన్ని డైఎథిలిన్ గ్లైకాల్ అనే తియ్యటి ద్రవంలో కరిగించాడు. రుచి చూశారు, రంగు చూశారు, వాసన చూశారు. విషమా కాదా అన్నది మాత్రం చూడలేదు!

ఆ ద్రవం మూత్రపిండాలను పాడుచేసే విషం. మందు బజారులోకి వచ్చిన కొద్ది వారాలకే మూత్రం బందైపోయి మరణించినవారి కబుర్లు రావడం మొదలైంది. నూరుమందికి పైగా చనిపోయారు. వారిలో పిల్లలు చాలామంది.

తయారైన మందు మొత్తం 240 గ్యాలన్లు. అంటే మన లెక్కలో సుమారు 900 లీటర్లు. అది దేశమంతటా చెదిరిపోయింది. అమెరికా ప్రభుత్వ ఔషధశాఖ తనకున్న 239 మంది ఇన్స్పెక్టర్లు, రసాయన నిపుణుల్లో దాదాపు అందరినీ దాని మీదికే పంపింది. వారి చేతిలో ఉన్న ఆయుధాలు ఏమిటనుకున్నారు? కాగితాలు. కంపెనీ సరుకు పంపిన జాబితాలు, దుకాణాల అమ్మకపు చీటీలు, వైద్యులు రాసిన మందుల చీటీలు. ఒక్కొక్క కాగితం పట్టుకుని సీసా నుంచి సీసాకు, ఇంటి నుంచి ఇంటికి తిరిగారు. చివరికి 234 గ్యాలన్లకు పైగా వెనక్కి రాబట్టగలిగారు. అన్ని ప్రాణాలు తీసింది మిగిలిన కాస్త మందే. లెక్కకు సుమారు 22 లీటర్లు.

ఆ 900 లీటర్లూ జనం కడుపుల్లోకి పోయి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి. కాగితాల ఆధారం ఉన్నంత మేర మందు చేతికి చిక్కింది. ఆ మరుసటి ఏడే, 1938లో, అమెరికా కొత్త ఔషధ చట్టం చేసింది. విషపరీక్ష చేసి, సురక్షితమని చూపించనిదే కొత్త మందు అమ్మకూడదన్న నియమం అప్పుడు వచ్చింది.

మన దగ్గర

అమెరికా సంగతి మనకెందుకు అనకండి. అదే విషం మన దేశంలో పదేపదే తలెత్తింది. 1986లో బొంబాయి జె.జె. ఆసుపత్రిలో మందుగా ఇచ్చిన గ్లిజరిన్‌లో డైఎథిలిన్ గ్లైకాల్ కలిసి ఉండి 14 మంది రోగులు చనిపోయారు. జస్టిస్ లెంటిన్ విచారణ సంఘం దాని పూర్వాపరాలు బయటపెట్టింది.

మొన్న 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వారా జిల్లాలో దగ్గుమందు తాగిన పిల్లలు ఇరవై మందికి పైగా మూత్రపిండాలు చెడి మరణించారు. ఆ మందు పేరు కోల్డ్‌రిఫ్. తమిళనాడులోని కాంచీపురం జిల్లాలో తయారైంది. పరీక్షిస్తే అందులో డైఎథిలిన్ గ్లైకాల్ 48.6 శాతం ఉన్నట్టు తేలింది. ఉండదగిన హద్దు 0.1 శాతం! మందు బ్యాచ్ నంబరు ఎస్.ఆర్.-13. ఆ నంబరు తెలియగానే తెలంగాణ ఔషధ నియంత్రణ శాఖ సహా పలు రాష్ట్రాలవారు, మీ ఇంట్లో ఆ నంబరు సీసా ఉంటే వాడకండి, వెంటనే తెలియజేయండి అని ప్రకటించగలిగారు.

ఒక్క నంబరు సీసా మీద ఉండబట్టే ఆ హెచ్చరిక ఇంటింటికీ చేరేందుకు వీలైంది. అదే పేరులేని పొట్లమో, చిన్న సీసాలోకి పోసి ఇచ్చిన మందో అయితే, "మీ ఇంట్లో ఉన్నది అదేనేమో చూసుకోండి" అని ఎవరు ఎవరికి చెప్పగలరు? దుకాణంలో మందు కలిపేటప్పుడు గ్లిజరిన్ పోస్తారు, మరొకటి పోస్తారు. ఆ డబ్బా ఏ కంపెనీది, బ్యాచ్ ఎంత అన్నది రాసుకోకపోతే, రేపు ఆ డబ్బా చెడ్డదని తెలిసినా, దాన్ని తాగినవారు ఎవరో తెలియదు.

ఆవకాయ లెక్క

మందులు కలిపేచోట రెండు రకాల రాతలు ఉండాలి. గృహిణులకు అర్థమయ్యే ఉపమానం చెబుతాను.

ఆవకాయకు ప్రతి ఇంట్లో ఒక లెక్క ఉంటుంది. ఇన్ని ముక్కలకు ఇంత కారం, ఇంత ఆవపిండి, ఇంత ఉప్పు, ఇంత నూనె. అది అత్తగారి నుంచి కోడలికి వస్తుంది. ఏటా మారదు. మందుకు కూడా అలాంటి మూలపు లెక్క ఒకటి కాగితం మీద ఉండాలి. ఏ పదార్థాలు, ఎంతెంత, ఏది ముందు ఏది వెనక, ఎలాంటి సీసాలో పోయాలి, ఎక్కడ ఉంచాలి, ఎన్ని రోజులు నిలవ ఉంటుంది అన్నవన్నీ అందులో ఉండాలి. కలిపేవారు మారినా మందు మారకుండా చూసేది ఇదే.

రెండోది, ఈ ఏడు పెట్టిన ఈ జాడీ సంగతి. ఈసారి కారం ఏ మిరపకాయలది, నూనె ఎక్కడిది, ఏ రోజున కలిపారు, ఎవరు కలిపారు. ఊరగాయ బూజు పడితే మీరు వెతికేది దీన్నే గదా! మందు విషయంలో ప్రతిసారీ, ప్రతి తయారీకీ ఈ రెండో రాత విడిగా ఉండాలి. పదార్థాల కంపెనీ, బ్యాచ్ నంబరు, గడువు, తూచిన బరువు, తయారైన పరిమాణం, తేదీ, కలిపినవారి సంతకం, సరిచూసినవారి సంతకం, ఎవరికి ఇచ్చారన్నది.

ఇదంతా చాదస్తమని కొందరు అనవచ్చు. ఒక లెక్క చూద్దాం. నాలుగు కిలోల పాప. డాక్టరు రాసింది పూటకు 4 మిల్లీగ్రాములు. దొరికేది 40 మిల్లీగ్రాముల మాత్ర. పదో వంతు మాత్రను ఎవరూ విరవలేరు. కనుక మాత్రను కల్వంలో మెత్తగా నూరి, పాల చక్కెర చేర్చి, మొత్తం 1000 మిల్లీగ్రాముల పొడి చేసి, 100 మిల్లీగ్రాముల చొప్పున పది పొట్లాలు కట్టాలి. కట్టాక చూస్తే తొమ్మిదే అయ్యాయనుకోండి. "పది కావాలి, తొమ్మిది వచ్చాయి" అని కాగితం మీద రాసేటప్పుడే చెయ్యి ఆగుతుంది. పొట్లాలు బరువెక్కాయని తెలుస్తుంది. రాసే అలవాటు లేనివారు తొమ్మిదీ ఇచ్చి పంపేస్తారు.

అంతకంటే పెద్ద ప్రమాదం చుక్క తప్పడం. 0.4ను 4 అని, 4ను 40 అని చదివితే పది రెట్ల మందు బిడ్డ కడుపులోకి పోతుంది. పెద్దవారు తట్టుకున్నా పసివారు తట్టుకోలేరు. లెక్క కాగితం మీద వేసి, రెండో మనిషి చేత సరిచూపించి, ఇద్దరూ సంతకం పెట్టే చోట ఇలాంటి పొరపాటు పొట్లం కట్టకముందే దొరుకుతుంది. కాబట్టి రాత అనేది తప్పు జరిగాక వెతుక్కోవడానికి మాత్రమే కాదు, తప్పు జరగకుండా ఆపడానికి కూడా.

చట్టం ఏమంటుంది?

ఇది డాక్టర్ల చాదస్తం కాదు, చట్టం కూడా ఇదే చెబుతోంది. 1945 నాటి ఔషధ నియమాల ప్రకారం, డాక్టరు చీటీ మీద మందు ఇచ్చే పని రిజిస్టరైన ఫార్మసిస్టు చేయాలి, లేదా ఆయన స్వయంగా దగ్గరుండి చేయించాలి. దుకాణంలో కలిపి ఇచ్చిన మందు వివరాలు మందుచీటీల రిజిస్టరులో ఎక్కించాలి. వరుస నంబరు, తేదీ, డాక్టరు పేరు, రోగి పేరు, చిరునామాలు, కలిపిన పదార్థాలు, వాటి పరిమాణాలు రాసి ఫార్మసిస్టు సంతకం చేయాలి. చివరి పద్దు తరువాత రెండేళ్ళపాటు ఆ పుస్తకం భద్రపరచాలి.

ఇంక సీసా మీద అంటించే చీటీ. దాని మీద ఈ ఐదు సంగతులు ఉండాలని నియమం: దుకాణం పేరు, చిరునామా, రోగి పేరు, మందు పరిమాణం, రిజిస్టరులోని వరుస నంబరు, లోపలికి పుచ్చుకునే మందయితే మోతాదు, పైన రాసుకునేదయితే "పైపూతకు మాత్రమే" అన్న హెచ్చరిక.

ఈ ఐదింటిలో పాఠకులు ముఖ్యంగా గమనించవలసింది వరుస నంబరు. మీ చేతిలోని సీసాకూ, దుకాణంలోని పుస్తకానికీ మధ్య ఉన్న తాడు అదే. ఆ నంబరు ఉంటే అర్ధరాత్రి అయినా ఆ మందులో ఏముందో తెలుసుకోవచ్చు.

తెలియని పొట్లం ఏం చేస్తుందంటే

పల్లెల నుంచి వచ్చే కేసుల్లో ఒకటి చెబుతాను. మూడేళ్ళ పిల్లవాడు. పిలిస్తే పలకకుండా మగతగా పడి ఉన్నాడు. అమ్మమ్మ భుజాన వేసుకుని తీసుకొచ్చింది. "జలుబు చేస్తే పొట్లాలిచ్చారు బాబూ, నిన్నటి నుంచి మూడు వేశాం" అని కొంగు ముడి విప్పి రెండు పొట్లాలు చూపించింది. తెల్లటి పొడి. అది జలుబు మాత్రా, నిద్ర మాత్రా, రక్తపోటు మాత్రా, చక్కెర జబ్బు మాత్రా? ఒక్కొక్కదానికి వైద్యం ఒక్కొక్క రకం. చక్కెర మాత్ర అయితే వెంటనే గ్లూకోజు ఎక్కించాలి. నల్లమందు జాతిది అయితే విరుగుడు ఇంజెక్షను ఉంది. పొడిని చూసి ఏ డాక్టరూ చెప్పలేడు. ఇచ్చినవారి ఫోను మోగుతోంది, ఎత్తేవారు లేరు. రక్తంలో చక్కెర చూసి, శ్వాస కనిపెట్టుకుంటూ, గుంటూరు పెద్దాసుపత్రికి పంపవలసి వచ్చింది. బిడ్డ బతికాడు. ఆ పొట్లంలో ఏముందో మాత్రం ఈనాటికీ తెలియదు.

పొట్లం మీద ఒక్క పేరు రాసి ఉంటే ఆ రాత్రి గంటలు కలిసొచ్చేవి. అందరికీ అదృష్టం కలిసిరాదు.

మీరు చేయవలసినవి

1. కలిపిన మందు తీసుకునేటప్పుడు "ఇందులో ఏమేం ఉన్నాయో చీటీ మీద రాసివ్వండి" అని అడగండి. ఇందులో మొహమాటం అక్కరలేదు. రాసివ్వనని అనేవారి మందు పుచ్చుకోకపోవడమే మేలు.

2. సీసా మీద, పొట్లాల సంచి మీద రోగి పేరు, మోతాదు, తేదీ, నంబరు చూసుకున్నాకే డబ్బు చెల్లించండి. బిల్లు తప్పక తీసుకోండి.

3. ఎప్పటిదాకా వాడవచ్చో రాయించుకోండి. నీళ్ళతో కలిపి, చెడకుండా ఉంచే పదార్థం ఏదీ చేర్చని తాగేమందు, ప్రత్యేక పరీక్షలు లేనప్పుడు ఫ్రిజ్‌లో పెట్టినా 14 రోజులు మించి పనికిరాదని అమెరికా ఔషధ ప్రమాణాల గ్రంథం చెబుతోంది. మన పల్నాటి ఎండల్లో గూట్లో పెట్టిన సీసా సంగతి వేరే చెప్పాలా!

4. పొడి యాంటీబయాటిక్ సీసాలో మీరే నీళ్ళు కలిపితే, కాచి చల్లార్చిన నీళ్ళు గీత వరకే పోసి, కలిపిన తేదీ సీసా మీద పెన్నుతో రాయండి. కొన్ని మందులు కలిపాక ఏడు రోజులే పనిచేస్తాయి. ఆ సంగతి సీసా మీద అచ్చేసి ఉంటుంది. ఓ.ఆర్.ఎస్. పొడి కలిపిన నీళ్ళు 24 గంటలు దాటితే పారబోయండి.

5. పాత సీసా అయిపోయి కొత్తది తెచ్చినప్పుడు మందు గాఢత అదేనా అని సరిచూసుకోండి. పాత సీసాలో ఐదు మిల్లీలీటర్లలో ఉన్న మందు, కొత్త సీసాలో ఒక్క మిల్లీలీటరులోనే ఉండవచ్చు. అలవాటు కొద్దీ అదే చెంచా పోస్తే ఐదింతలు అవుతుంది.

6. మందును మరో సీసాలోకి ఎన్నడూ మార్చకండి. ముఖ్యంగా మన వైపు పత్తికీ, మిరపకూ కొట్టే పురుగుమందుల డబ్బాలు ప్రతి ఇంటా ఉంటాయి. వాటిని కడిగి వాడటం, పురుగుమందును మందుసీసాలోనో, కూల్‌డ్రింకు సీసాలోనో పోసి ఉంచడం ప్రాణాంతకం.

7. ఇంట్లో ఒక నోటుపుస్తకం పెట్టండి. ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క పేజీ. తేదీ, జబ్బు, మందు పేరు, మోతాదు, ఎవరు రాశారు, ఎక్కడ కొన్నారు, పడకపోతే ఆ సంగతి. మందుల బిల్లులు అందులోనే మడిచిపెట్టండి. చదువు రాని పెద్దలుంటే బడికి వెళ్ళే పిల్లల చేత రాయించండి. ఆసుపత్రికి బయలుదేరేటప్పుడు ఓ.పి. చీటీతోపాటు ఆ పుస్తకం, వాడుతున్న మందుల సీసాలు వెంట తెండి.

ఫార్మసిస్టు సోదరులకు ఒక మాట

మీ పని ఒత్తిడి నాకు తెలుసు. సాయంత్రం అయ్యేసరికి దుకాణం ముందు ఎంత గుంపు ఉంటుందో చూస్తూనే ఉన్నాను. కాని కలపడం అయిపోయాక రాత్రి కూర్చుని గుర్తు తెచ్చుకుని రాసే రిజిస్టరు, రిజిస్టరు కాదు. తూచినప్పుడే రాయాలి. తప్పు రాస్తే కొట్టేసి, పక్కన సరైనది రాసి, పొట్టి సంతకం పెట్టాలి గాని, దిద్దుళ్ళు, తెల్ల రంగు పూతలు కూడదు. ఏదైనా ఆరోపణ వస్తే మీ తరఫున మాట్లాడేది కూడా ఆ పుస్తకమే. సరిగా కలిపానని నోటితో ఎన్నిసార్లు చెప్పినా రాని బలం, ఆ పూట రాసిన ఒక్క పంక్తికి ఉంటుంది.

పాఠకులారా! నోటుపుస్తకం ఖరీదు ఒక మందుసీసా ఖరీదు కంటే తక్కువే. ఈ ఆదివారం తీరిక చేసుకుని మీ ఇంట్లోని మందులన్నీ ఒకచోట పోగు చెయ్యండి. పేరూ తేదీ ఉన్నవి ఒక వైపు, లేనివి ఒక వైపు పెట్టండి. లేనివి ఏ కాస్త మిగిలినా, ఎంత ఖరీదు పెట్టి కొన్నా, పిల్లలకు అందకుండా పారెయ్యండి. ఉన్నవాటిని కొత్త నోటుపుస్తకం మొదటి పేజీలో రాయడం మొదలుపెట్టండి.